బహుజాతి సమాజమున సర్వే ప్రశ్న

సర్వే అను పరిశోధనపద్ధతికి ఆధారభూతమైన నియమ మొక్కటి కలదు. ప్రశ్నింపబడు ప్రతివ్యక్తికిని ఒకే ప్రశ్నను, ఒకే మాటలలో, ఒకే క్రమమున వేయవలెననుట ఆ నియమము. పదుగురిని పదివిధముల నడిగి, వచ్చిన సమాధానములను ఒక్క పట్టికలో కూడినచో ఆ మొత్తమునకు అర్థ ముండదు గనుక, 1951లో స్టాన్లీ పేన్ అను అమెరికను రచయిత ప్రశ్న లడుగు కళను గూర్చి గ్రంథము ప్రకటించిన నాటికే ఈ నియమము శాస్త్రమున స్థిరపడియుండెను. కాని వినువారందరికిని భాషయు, కుటుంబవ్యవస్థయు, కాలగణనమును, ప్రభుత్వోద్యోగులతోడి పూర్వానుభవమును ఒక్కటియే యైనప్పుడు మాత్రమే మాటల ఏకత్వము అర్థైక్యమునకు హామీ యగును. ఒకే నగరమున పది దేశములనుండి వచ్చినవారును, ఒకే జిల్లాలో నాలుగు భాషలవారును నివసించుచోట ఆ హామీ చెల్లదు. ఒకే ప్రశ్న యనగా ఒకే అక్షరములు గల ప్రశ్నయా, లేక ఒకే అర్థమును కలిగించు ప్రశ్నయా అనునది ఈ శాస్త్రమును నేటికిని వేధించుచున్న సమస్య. అర్థమును నిలుపుటకై అక్షరములను మార్చుకొనవలసినదే యనియు, ఆ మార్పు ప్రశ్నావళి అచ్చయిన పిదప అనువాదకునికి అప్పగింపదగినది కాక, ప్రశ్న పుట్టుచున్నప్పుడే ఆయా జనుల నడుమ కూర్చుండి చేయదగిన పని యనియు నా నిశ్చయము.

సమస్య యెంత లోతైనదో తెలియుటకు సింహళమున జరిగిన యొక ఉదంతమును కొంత వివరముగా చెప్పవలెను. ఎన్. కె. సర్కార్, ఎస్. జె. తంబయ్య అను విద్వాంసులు కాండీ చేరువనున్న పాతదుంబర గ్రామములలో సర్వే జరిపి, దాని ఫలితములను 1957లో ప్రకటించిరి. భూమి కొలదిమంది చేతులలో చిక్కుకొన్నదనియు, పెక్కు కుటుంబములకు వరిపొలము నామమాత్రమైనను లేదనియు, గ్రామము విచ్ఛిన్నమగుచున్నదనియు వారి లెక్కలు తెల్పెను. సింహళమందే పుల్ ఎలియ అను గ్రామమున నెలల తరబడి నివసించి దాని భూవ్యవస్థను పరిశీలించిన మానవశాస్త్రవేత్త ఎడ్మండ్ లీచ్ ఈ సర్వేను విమర్శించెను. అతని విమర్శ కూడికలను గూర్చినది కాదు. కుటుంబమనగా ఎవరు అను మొదటి ప్రశ్నను గూర్చినది. ఒకే కుండలో వండుకొని తినువారు ఒక కుటుంబ మని సర్వేవారు నిర్ణయించుకొనిరి. సింహళ గ్రామాచారము ననుసరించి కొత్తగా పెండ్లియైన కోడలు త్వరలోనే తన వంట తాను వండుకొనును. ఇంటిగోడ ఒక్కటియే యైనను, పొలముపని ఉమ్మడిగా సాగుచున్నను, కుండ వేరైనంతనే ఆ యువదంపతులు లెక్కలలో వేరు కుటుంబమైరి. పొలము తండ్రిపేర నుండుటచే వారు భూమిలేనివారైరి. రేపు ఆ తండ్రి గతించినచో వారే ఆ పొలమునకు వారసులు. కావున పట్టికలో కనబడిన భూహీనతలో కొంతభాగము పేదరికము కాదు, యౌవనము. ప్రశ్నకు ప్రజలు అసత్యము చెప్పలేదు, గణకులు పొరపాటు పడలేదు. ప్రశ్నలోని 'కుటుంబము'నకును ఊరివారి కుటుంబమునకును పొందిక లేకపోయెను.

ఈ ఉదంతము మనకు దూరపుది కాదు. భారతదేశపు జనాభా లెక్కలయందును ఒకే వంటయింట భుజించువారు ఒక కుటుంబమను నిర్వచనమే అమలులో నున్నది. తెలుగు పల్లెలలో అన్నదమ్ములు పొయ్యిలు వేరుచేసికొన్న పిమ్మటను పట్టాదారు పాసుపుస్తకము తండ్రిపేరనే యుండుట, కాడియెడ్లో ట్రాక్టరో ఉమ్మడిగా నుండుట, ముసలితల్లి నెలకొక యింట భోజనము చేయుట సర్వసామాన్యము. ఆ తల్లి ఎవరి కుటుంబమున చేరును? లెక్కలవారు వచ్చిననాడు ఎవరియింట నున్నదో వారి కుటుంబమున చేరును. జనసంఖ్యకు ఇది చాలును. ఆ వృద్ధురాలికి ఆధార మెవరు, భూమి ఎవరిది అను ప్రశ్నలకు ఇది చాలదు. నిర్వచనమును మార్చుమని నే ననుట లేదు. ఏ ప్రయోజనమునకు ఏ నిర్వచనము తగునో ఊరివారి వాడుకను విచారించి నిర్ణయింపుమని మాత్రమే నా మాట.

బంధుత్వమును గూర్చిన ప్రశ్నలయందు ఈ చిక్కు ఇంకను సూక్ష్మముగా నుండును. ప్రసవసమయమున మరణించు స్త్రీల సంఖ్యను, మరణములు నమోదుకాని దేశములలో, అక్కచెల్లెండ్ర ద్వారా అంచనా కట్టు పద్ధతి యొకటి 1989లో వెలువడినది. మీ కెందరు అక్కచెల్లెండ్రు, వారిలో ఎందరు సజీవులు, గతించినవారు గర్భిణిగానో ప్రసవమందో గతించిరా అని అడిగి లెక్కించుట దాని సారము. ఇంగ్లీషులో ఈ ప్రశ్నకు సందిగ్ధత స్వల్పము. తెలుగువారియందు పెదతండ్రి కూతురును అక్కయే, పినతల్లి కూతురును చెల్లెలే. మేనత్త కూతురు మాత్రము వదినయో మరదలో యగును. కనుక 'అక్కచెల్లెండ్రు' అని ఊరకే యడిగినచో ఒకే మరణము నలుగురు అన్నదమ్ముల పిల్లల నోట నాలుగుమారులు లెక్కకు వచ్చును. 'మీ అమ్మ కడుపున పుట్టినవారు' అని చేర్చి యడిగినచో చిక్కు విడిపోవును. ఇంత చిన్న సవరణకు గణితశాస్త్రము అక్కరలేదు. ఆ భాష మాట్లాడు ఒక గృహిణిని సంప్రదించిన చాలును.

వయస్సును గూర్చిన ప్రశ్న అన్నిటికంటె సులభమని తోచునుగాని, పుట్టినతేదీ వ్రాసియుంచు ఆచారము లేని జనులయందు అదియే కష్టతరము. మన జనాభా లెక్కలలో ముప్పది, ముప్పదియైదు, నలుబది అను వయస్సులవద్ద జనులు గుట్టలుగా పోగుపడియుండుట గణాంకవేత్తలందరును ఎరిగినదే. సున్నతోను అయిదుతోను ముగియు అంకెలపై గల మక్కువను కొలుచుటకే ఒక సూచిక ఏర్పడినది. అనుభవజ్ఞుడైన ఎన్యూమరేటరు దివిసీమలో ఈ ప్రశ్న నెట్లడుగునో చూడుడు. "మీ వయసెంత మామ్మా?" అనగా ఆమె, "ఏమో నాయనా, అరవైయో డెబ్బయ్యో రాసుకో" అనును. అతడు వ్రాసికొనడు. "ఉప్పెన వచ్చినప్పటికి మీకు పెళ్ళయిందా?" అని యడుగును. "పెళ్ళేమిటి, మా పెద్దాడు అప్పటికి చంకలో ఉన్నాడు. వాణ్ణి కొంగున కట్టుకునే గుడి మీదికి ఎక్కాం." ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19; ఆమె వివాహము, తొలిచూలు ఎన్నవయేట నైనవో మరి రెండు మాటలలో తెలిసికొని అతడు వయస్సును నిర్ణయించును. భద్రాచలమున 1986 ఆగస్టు గోదావరి వరదయు, తెలంగాణపు వృద్ధులకు 1948 సెప్టెంబరు పోలీసు చర్యయు ఇట్టి గురుతులే. స్థానిక ఘటనల పట్టికను సర్వేకు ముందే సిద్ధపరచుకొనుట ప్రపంచమంతటను ఆమోదింపబడిన పద్ధతి. ఒక ప్రాంతపు పట్టిక వేరొకచోట పనికిరాదు. తీరవాసికి ఉప్పెన గురుతు, గోండు పల్లెకు కాదు.

ఇక జాతి, తెగ, సమాజము అను గుర్తింపులను గూర్చిన ప్రశ్నలు. వీనియందు అడుగువాడు సమాధానములను వెదకుటయే కాక, కొంతవరకు సృష్టించును గూడ. అమెరికా జనగణనచరిత్ర దీనికి దీర్ఘమైన నిదర్శనము. 1920, 1930, 1940 సంవత్సరముల గణనలలో 'హిందు' అనునది అచ్చట ఒక జాతిగా లెక్కింపబడెను. కాలిఫోర్నియాలో సేద్యము చేసికొన్న సిక్కులును ఆ లెక్కలలో హిందువులే యైరి. 1970లో భారతీయులు తెల్లవారియందు చేర్పబడిరి. 1980లో 'ఏషియన్ ఇండియన్' అను గడి ఏర్పడెను. ఒకే వ్యక్తి తన రూపము మారకయే, తన మాట మారకయే, నలుబదియేండ్లలో మూడు జాతులవాడయ్యెను. ఇది విని నవ్వుట సులభము. కాని ఆ గడులనుబట్టియే నిధులును, నియోజకవర్గముల సరిహద్దులును, వివక్షను అరికట్టు చట్టముల అమలును నిర్ణయింపబడుచున్నవని తలచినప్పుడు ప్రశ్నలోని ప్రతిమాటకును గల భారము తెలియగలదు.

ఆ 1970 గణనయందే స్పానిషు మూలముగలవారిని గుర్తించుటకై కొన్ని కుటుంబములకు మాత్రము ఒక ప్రశ్న వేయబడెను. సమాధానములలో 'మధ్య లేక దక్షిణ అమెరికా' అను నొక గడి యుండెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలోనే దక్షిణభాగమునను మధ్యభాగమునను పుట్టిపెరిగిన సామాన్యజనులు పెక్కుమంది అది తమ్మును గూర్చినదేయని యెంచి ఆ గడిలో గురుతు పెట్టిరి. వ్రాసినవారి మనస్సులో ఖండముల పటమున్నది, చదివినవారి మనస్సులో స్వదేశపు పటమున్నది. అల్పసంఖ్యాకులకొరకు వ్రాసిన ప్రశ్నను అధికసంఖ్యాకులయెడనుగూడ పరీక్షింపవలెనను పాఠము దీనివలన లభించినది. ప్రభుత్వశాఖలన్నియు అనుసరింపవలసిన జాతివిభాగములు 1977లో నిర్ణయింపబడి, 1997లో సవరింపబడి, 2000 గణననుండి ఒకరు ఒకటికంటె నెక్కువ జాతులను గుర్తించుకొనుటకు వీలు కలిగెను. 2024 మార్చిలో జాతిని, స్పానిషు మూలమును ఒకే ప్రశ్నగా కలిపి, మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా వాసులకు వేరు విభాగము నేర్పరచిరి. 2020 గణనకై ఆ ప్రభుత్వము ఇంగ్లీషు గాక 59 భాషలలో మార్గదర్శికలు ముద్రింపగా వానిలో తెలుగును ఉండెను.

బ్రిటనులో ప్రశ్నయొక్క మాటలకంటె ప్రశ్నయొక్క ఉద్దేశమే వివాదాస్పదమయ్యెను. 1979లో లండను నగరపు హారింగే ప్రాంతమున జాతిమూలమును గూర్చిన ప్రశ్నను పరీక్షార్థము వేయగా, వలసచట్టములు కఠినమగుచున్న ఆ దినములలో నల్లజాతివారును ఆసియావారును ఈ సమాచారము దేనికి వినియోగింపబడునో యని సహజముగనే శంకించిరి. వ్యతిరేకత ప్రబలినందున 1981 గణనలో ఆ ప్రశ్న చోటుచేసికొనలేదు. మాటలు మార్చి, ప్రయోజనమును వివరించి, పలుమారులు పరీక్షించిన పిమ్మట 1991లో తొలిసారి వేయగలిగిరి. మారిషస్ ద్వీపము ఎంచుకొన్న దారి వేరు. అచ్చట సమాజభేదమును నేరుగా అడుగు ప్రశ్నను 1972 గణనతో ముగించిరి. అయినను మతమును, ఇంట మాట్లాడు భాషను, పూర్వుల భాషను అడుగుచునే యున్నారు. దినమంతయు క్రియోల్ మాట్లాడు కుటుంబము సైతము పూర్వుల భాషగా తెలుగును వ్రాయించుకొనుటకు ఈ మూడవ ప్రశ్న వీలు కల్పించుచున్నది. ఒక్క 'భాష' గడియే యున్నచో ఆ తెలుగువారి జాడ గణనపత్రములలో మాసిపోయెడిది. వ్యక్తి నిత్యజీవనమును, అతని వారసత్వమును వేరువేరు ప్రశ్నలుగా విడదీయుట నా దృష్టిలో మిక్కిలి వివేకవంతమైన నిర్మాణము.

మన దేశమున మాతృభాషను గూర్చిన ప్రశ్నకు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాయుట నియమము. 2011లో ఇట్లు చేరిన పేర్లు 19,569; వానిని పరిశీలించి, వర్గీకరించి, 1,369 మాతృభాషలుగా కుదించిరి; అవి మరల 121 భాషలక్రింద సర్దబడినవి. అడుగుటలో నున్న ఔదార్యము సర్దుటలో తరిగిపోవును. తెలంగాణ తండాలలో లంబాడీ మాట్లాడు తల్లి తన భాషపేరు చక్కగానే చెప్పినది, ఎన్యూమరేటరు చక్కగానే వ్రాసికొన్నాడు. ముద్రితమైన పట్టికలో ఆ భాష హిందీక్రింద ఉపభాషగా చేరినది. ప్రశ్ననిర్మాణమనగా ప్రశ్నవాక్యము మాత్రమే కాదు, సమాధానము ఎచ్చట చేర్పబడునను నిర్ణయముగూడ నందు భాగమే. దీనికి వ్యతిరేకమైన ప్రమాదమును అదే 2011లో ఆరంభమైన సామాజిక, ఆర్థిక, కులగణనయందు చూచితిమి. 1931లో 4,147గా లెక్కకు వచ్చిన కులములు, ముందుగా పేర్లపట్టిక లేక విన్నది విన్నట్లు వ్రాసికొనుటచే, 46 లక్షలను మించిన పేర్లుగా వచ్చిపడెను. ఇంటిపేరు, గోత్రము, శాఖ, వృత్తి, ఒకే పేరునకు పది వర్ణక్రమములు అన్నియు కులములైపోయినవి.

అనువాదమును గూర్చి విద్వాంసులు వ్రాసినది విస్తారము. దానిని సంక్షేపముగా దాటవచ్చును. 1970లో బ్రిస్లిన్ ప్రచారమునకు తెచ్చిన పద్ధతి ప్రకారము ఒకరు అనువదించిన ప్రశ్నను మరియొకరు మూలభాషలోనికి తిరిగి అనువదింతురు. రెండును సరిపోలినచో అనువాదము సరియైనదని భావింతురు. పదమునకు పదము నిలిపిన కృతకానువాదము ఈ పరీక్షలో సులభముగా నెగ్గును, పల్లెవారి చెవికి మాత్రము ఎక్కదు. కనుక నేను దీనిని తప్పులు పట్టు సాధనముగా అంగీకరింతునుగాని, నాణ్యతకు ప్రమాణముగా అంగీకరింపను. అదే సంవత్సరమున వెర్నర్, క్యాంబెల్ అనువారు సూచించిన మార్గము శ్రేష్ఠతరము: అనువాదమున చిక్కు వచ్చినచో మూలప్రశ్ననే మార్చుమనిరి, ఏ భాషకును అధికారపీఠము నీయవలదనిరి. 2002లో ప్రారంభమైన యూరోపియను సోషల్ సర్వేకు జానెట్ హార్క్‌నెస్ రూపొందించిన విధానమున ఇద్దరు అనువాదకులు వేరువేరుగా వ్రాసి, సమీక్షకులతో కలిసి చర్చించి, నిర్ణయమును, దాని కారణములను లిఖితపూర్వకముగా భద్రపరతురు. వ్యయము హెచ్చుననుట నిజమే. చెడిన ప్రశ్నతో లక్షమందిని కలిసికొనుట అంతకంటె వ్యయము.

భాష సరిపడినను కొలమానము సరిపడకపోవచ్చును. 'మీ ఆరోగ్య మెట్లున్నది?' అను ప్రశ్నను తీసికొనుడు. 2002లో అమర్త్యసేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపినట్లు, ఆయుర్దాయమున అగ్రస్థానమందున్న కేరళలో తాము వ్యాధిగ్రస్తులమని చెప్పుకొనువారు అధికము. ఆయుర్దాయము తక్కువైన బీహారులో అట్లు చెప్పుకొనువారు స్వల్పము. చదువును, వైద్యసదుపాయమును గలవారు రోగమును రోగముగా గుర్తింతురు. అవి లేనివారు దానిని బ్రతుకుబాటలో ఒక భాగముగా సహింతురు. సమాధానములను నమ్మి నిధులు పంచినచో బీహారునకు అన్యాయము జరుగును. ఈ చిక్కును విడదీయుటకు గ్యారీ కింగ్, క్రిస్టఫర్ మర్రే మున్నగువారు 2004లో ఒక ఉపాయమును ప్రతిపాదించిరి. ప్రభుత్వముపై మీ మాట కెంత బలమున్నదని అడుగగా మెక్సికోవారికంటె చైనావారు ఎక్కువ బలమున్నదని చెప్పుకొనిరి. అప్పుడు త్రాగునీటికై ప్రయత్నించు కొందరు కల్పితవ్యక్తుల వృత్తాంతములను ఇరుదేశములవారికిని వినిపించి, వీరి మాట కెంత బలమున్నదో చెప్పుమనిరి. ఆ సమాధానములనుబట్టి ఒక్కొక్క దేశమువారి కొలబద్ద ఎచ్చట మొదలగునో గ్రహించి సరిచూడగా, ఫలితము తారుమారయ్యెను. కథ చెప్పి అభిప్రాయ మడుగుట చదువురాని శ్రోతకును సులభగ్రాహ్యము కనుక, మన గ్రామములలో ఈ పద్ధతిని విరివిగా వాడదగును. 'మీరు ఏకీభవింతురా' అను ప్రశ్నలను మాత్రము విడనాడుటయే మేలు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి మాటకు కాదనుట అమర్యాదయని తలచు ఏ సమాజమునందైనను దానికి ఔనను సమాధానమే హెచ్చుగా లభించును.

ఎవ రడుగుచున్నారు, ఎవరు వినుచున్నారు అనుటయు ప్రశ్నలో భాగమే. 1942లో మెంఫిస్ నగరమున నల్లజాతివారిని కొందరిని తెల్లవారిచేతను, కొందరిని నల్లవారిచేతను ప్రశ్నింపజేయగా సమాధానములు భిన్నముగా వచ్చెను. 1968లో డెట్రాయిటునందు షూమన్, కాన్‌వర్స్ చేసిన పరిశోధనము దీనిని మరింత స్పష్టపరచినది: జీవనస్థితిని గూర్చిన ప్రశ్నలకు అడుగువాని జాతివలన భేదము స్వల్పము, తెల్లవారియెడ కోపమును, అవిశ్వాసమును గూర్చిన ప్రశ్నలకు భేదము అధికము. ఎదుటివాని మనస్సు నొప్పించు సత్యమును అతని ముఖముమీద చెప్పుటకు మనుష్యుడు జంకును. మన దేశమున దీనికి తోడు ఏకాంత మను సమస్య కలదు. రూడాల్ఫ్ దంపతులు మద్రాసు రాష్ట్రమున సర్వే జరిపిన అనుభవములను 1958లోనే ప్రకటించిరి. ఊరిలో ఒక స్త్రీని ప్రశ్నింప మొదలిడగనే అత్తగారును, ఇరుగుపొరుగువారును, బడిపిల్లలును చుట్టుచేరి తామే సమాధానము లిత్తురనుట క్షేత్రమునకు పోయినవారందరు ఎరిగినదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింసను గూర్చిన ప్రశ్నలను ఇంటికొక్క స్త్రీని మాత్రమే, ఏకాంతము లభించినప్పుడు మాత్రమే అడుగవలెననియు, లభింపనిచో ఆ భాగమును విడిచిపెట్టవలెననియు గల నియమము ఈ శాస్త్రమునకు గౌరవము తెచ్చినది. ఏజెన్సీ గూడెములలో బడికిపోవు కుమారునిచే తల్లికి ప్రశ్నను చెప్పించు అలవాటు మాత్రము ఇంకను పోలేదు. గర్భస్రావమును గూర్చి, భర్త దెబ్బలను గూర్చి తల్లి తన కుమారుని ద్వారా ఏమి చెప్పగలదు?

ఈ లోపములన్నిటిని ముందుగా పట్టుకొను సాధన మొకటి నలుబదియేండ్లుగా సిద్ధముగా నున్నది. 1983లో అమెరికాలోని మేరీలాండున మనశ్శాస్త్రజ్ఞులును సర్వే నిపుణులును సమావేశమై, ప్రశ్నను గ్రహించుట, జ్ఞప్తికి తెచ్చుకొనుట, నిర్ణయించుకొనుట, సమాధానము చెప్పుట అను దశలలో మనస్సు ఎట్లు పనిచేయునో చర్చించిరి. అందుండి పుట్టిన పరీక్షాపద్ధతి సరళమైనది. ప్రతిసమాజమునుండియు పది పదునైదుగురిని పిలిచి, ప్రశ్నవేసి, సమాధానమును గాక, సమాధానమునకు వచ్చిన దారిని విచారింతురు. 'ఈ ప్రశ్నను మీ మాటలలో చెప్పుడు; జబ్బనగా మీరు దేనిని లెక్కించితిరి? మొన్నటి జ్వరము అందులో చేరినదా? ఎవరైనను ప్రక్కనున్నచో ఇట్లే చెప్పెడివారా?' అని అడుగుదురు. పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఓపికయు, ఆ భాష వచ్చిన మనిషియు ఉన్న చాలును. కాని ఇది సాధారణముగా పట్టణమున, చదువుకొన్నవారియెడ, అధికసంఖ్యాకుల భాషలోనే జరిగి, గోండులకు, కోయలకు, కొలాములకు, సవరలకు తుదిరూపము మాత్రమే చేరుచున్నది. తప్పు ఎచ్చట ఎక్కువగా జరుగునో అచ్చటనే పరీక్ష జరుగకుండుట ఈ రంగమున నేను చూచుచున్న పెద్ద కొరత.

2024లో ఆంధ్రప్రదేశమును, తెలంగాణమును కులసర్వేలు జరిపినవి. 2027 జనగణనయందు అందరి కులమును లెక్కించుటకు కేంద్రప్రభుత్వము 2025లో నిర్ణయించినది. దీనికై ప్రశ్నలు కూర్చువారికి నాదొక విన్నపము: ప్రశ్నావళి తుదిరూపు దాల్చకముందే దానిని తండాలకును, గూడేలకును, పాతబస్తీ ఇండ్లకును తీసికొనిపోయి, ఆయా భాషలవారిచేతనే అడిగించి, వారేమి గ్రహించిరో వ్రాసికొని, ఆ పరీక్షాఫలితములను, ప్రతిభాషలోని ప్రశ్నపాఠమును, పేర్లను ఏ గడిలో సర్దితిరో ఆ పట్టికను జనసంఖ్యలతోపాటు ప్రజలముందు ప్రకటింపుడు.